చిన్న విమానం ఇంజను: ఎంపిక, సంరక్షణ

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వర్ణోత్సవ సంఘం వారు నన్ను "నీ వృత్తి గురించి అరగంట మాట్లాడు" అన్నారు. నేను విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరుని. ఆ మాట వినగానే అందరూ బోయింగులూ ఎయిర్‌బస్సులే అనుకుంటారు. నేను పనిచేసింది వాటి మీద కాదు. రెండు సీట్లు, నాలుగు సీట్లు ఉండి, ముందు ఒక పంఖా తిరుగుతూ ఉండే శిక్షణ విమానాల మీద. ఏ పెద్ద పైలట్ అయినా మొదట ఒంటరిగా గాలిలోకి లేచేది వీటిలోనే. మన పూర్వ విద్యార్థుల పిల్లలు కొందరు ఇప్పుడు పైలట్ శిక్షణలో ఉన్నారనీ, ఇంకొందరు చేరబోతున్నారనీ ఇందాక భోజనాల దగ్గర తెలిసింది. కాబట్టి ఈ విషయం వినోదం కోసం చెప్పేది కాదు, మన ఇళ్లకు సంబంధించినదే.

ముందు ఈ ఇంజను ఎలాంటిదో చెబుతాను. మన బుల్లెట్ మోటార్‌సైకిల్ ఇంజను చుట్టూ రెక్కల్లాంటి ఫిన్స్ ఉంటాయి కదా, గాలి తగిలి చల్లబడటానికి? చిన్న విమానం ఇంజనూ చాలావరకు అంతే. రేడియేటర్ ఉండదు, నీళ్లు ఉండవు. నాలుగు సిలిండర్లు ఇటు రెండు, అటు రెండు ఎదురెదురుగా పడుకొని ఉంటాయి. క్రాంక్ షాఫ్ట్ చివరనే ప్రొపెల్లర్ బిగించి ఉంటుంది, మధ్యలో గేర్‌బాక్స్ లేదు. 1903 డిసెంబరు 17న రైట్ సోదరులు ఎగిరినప్పుడు వాళ్ల ఇంజను సుమారు 12 హార్స్‌పవర్‌ది. దాన్ని తయారుచేసింది వాళ్ల సైకిల్ షాపులో పనిచేసే చార్లీ టేలర్ అనే మెకానిక్, అదీ ఆరు వారాల్లో. బరువు తగ్గించడానికి క్రాంక్‌కేసు అల్యూమినియంతో పోయించాడు. విమానం కథలో మెకానిక్ మొదటి రోజు నుంచీ ఉన్నాడని మీకు గుర్తు చేయడానికే ఇది చెప్పాను.

ఈరోజు ప్రపంచంలో ఎక్కువ చిన్న విమానాలకు ఉండేవి అమెరికాలో పుట్టిన లైకమింగ్, కాంటినెంటల్ ఇంజన్లు. వాటి పేర్లు చదవడం తేలిక. 'ఓ' అంటే సిలిండర్లు ఎదురెదురుగా ఉన్నాయని. ముందు 'ఐ' ఉంటే కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ అని. తరువాతి అంకె ఇంజను ఘనపరిమాణం, క్యూబిక్ అంగుళాల్లో. ఓ-320 అంటే సుమారు 320 క్యూబిక్ అంగుళాలు, మన లెక్కలో 5.2 లీటర్లు. అంత పెద్ద ఇంజను ఇచ్చేది 150 నుంచి 160 హార్స్‌పవర్. మా అబ్బాయి నవ్వుతాడు, "నాన్నా, ఇప్పుడు లీటరున్నర కారు కూడా అంత ఇస్తుంది" అని. నిజమే. కానీ కారు ఆ శక్తిని ఓవర్‌టేక్ చేసే పది సెకన్లు వాడుకొని, మిగతా దారంతా అందులో పిసరంతతో నెట్టుకొస్తుంది. విమానం ఇంజను టేకాఫ్‌లో పూర్తి శక్తితో, ఆ తరువాత గంటల తరబడి 65 నుంచి 75 శాతం శక్తితో పనిచేయాలి. పక్కకు తీసి ఆపుకొనే వీలుండదు. పొలంలో రాత్రంతా నీళ్లు తోడే ఆయిల్ ఇంజనుకూ, కుర్రాళ్ల రేసు బైకుకూ ఉన్న తేడా అది. నిమిషానికి 2,400 నుంచి 2,700 చుట్లు మాత్రమే తిరిగే ఈ పెద్ద ఇంజను మొదటి కోవలోది.

ఇంకో జాగ్రత్త కూడా అందులో ఉంది. ప్రతి సిలిండర్‌కూ రెండు స్పార్క్ ప్లగ్గులు, వాటికి రెండు మాగ్నెటోలు. మాగ్నెటో తన కరెంటు తానే పుట్టించుకుంటుంది. బ్యాటరీ చచ్చినా, ఆల్టర్నేటర్ పోయినా, ఇంజను నడుస్తూనే ఉంటుంది. ఒక మాగ్నెటో పోయినా రెండోది ఇంటికి చేరుస్తుంది. అందుకే టేకాఫ్‌కు ముందు పైలట్ ఒక్కొక్క దాన్నీ ఆపి చూస్తాడు. సెస్నా 172 కొత్త మోడళ్లలో 1,800 చుట్ల దగ్గర ఈ పరీక్ష చేస్తే, ఏ మాగ్నెటో మీదైనా తగ్గుదల 150 దాటకూడదు, రెండింటి మధ్య తేడా 50 మించకూడదు. ఇక్కడే పిల్లలకు ఒక మాట. విమానం దగ్గరికి వెళ్లినప్పుడు తాళం తీసేసి ఉంది కదా అని ప్రొపెల్లర్‌ను ముట్టుకోకండి. మాగ్నెటోను ఆపే వైరు లోపల తెగి ఉంటే, చేత్తో కాస్త కదిపినా ఇంజను అంటుకోగలదు.

ఇక ఎంపిక. నిజానికి విమానం కొనేవాడు ఇంజనును విడిగా ఎంచుకోడు. ఏ విమానానికి ఏ ఇంజను అన్నది ధ్రువీకరణ పత్రంలోనే రాసి ఉంటుంది. మార్చాలంటే దానికి వేరే ఆమోదం కావాలి. కాబట్టి విమానాన్ని ఎంచుకోవడమంటే ఇంజనును ఎంచుకోవడమే. నన్ను ఎవరైనా సలహా అడిగితే నాలుగు ప్రశ్నలు వేస్తాను.

మొదటిది, మీ రన్‌వే దగ్గర ఏ ఇంధనం దొరుకుతుంది? లైకమింగ్, కాంటినెంటల్ ఇంజన్లు ఎక్కువగా తాగేది నీలం రంగులో ఉండే ఏవ్‌గ్యాస్ 100 ఎల్‌ఎల్. దీన్ని మనం చాలా ఏళ్లు దిగుమతి చేసుకున్నాం. 2022లో ఇండియన్ ఆయిల్ వడోదర రిఫైనరీలో ఇక్కడే తయారీ మొదలుపెట్టింది. పెద్ద విమానాలకు పోసే జెట్ ఇంధనం మాత్రం చాలా విమానాశ్రయాల్లో ఉంటుంది. అందుకే జెట్ ఇంధనంతో నడిచే డీజిల్ పిస్టన్ ఇంజన్లు వచ్చాయి. డైమండ్ డీఏ40 ఎన్‌జీకి ఉండే ఆస్ట్రో ఇంజను అలాంటిదే, మూలం మెర్సిడెస్ కారు ఇంజను. ఇంధనం సులువుగా దొరుకుతుంది, ఖర్చూ తక్కువ. కానీ బరువు ఎక్కువ, ఎలక్ట్రానిక్స్ ఎక్కువ, దాన్ని నేర్చుకున్న చేతులు తక్కువ. మూడో దారి ఆస్ట్రియాలో తయారయ్యే రోటాక్స్. చిన్నది, తేలికైనది. 5,000కు పైగా చుట్లు తిరిగి, గేర్‌బాక్స్ ద్వారా ప్రొపెల్లర్‌ను నెమ్మదిగా తిప్పుతుంది. సిలిండర్ హెడ్‌లకు నీళ్లు, సిలిండర్లకు గాలి. మామూలు పెట్రోలుతోనూ నడవగలదు. బెంగుళూరు ఎన్‌ఏఎల్ తయారుచేసిన హంస విమానానికి పెట్టింది ఈ రోటాక్స్‌నే.

రెండో ప్రశ్న, మీ ఊరి ఎండ ఎంత? ఇంజను శక్తి లెక్కలన్నీ సముద్ర మట్టం దగ్గర 15 డిగ్రీల వేడికి రాసినవి. మన మే నెలలో 43 డిగ్రీలు ఉన్నరోజు గాలి సాంద్రత దానికంటే దాదాపు 9 శాతం తక్కువ. ఇంజనుకు ఊపిరి తగ్గుతుంది, ప్రొపెల్లర్‌కు పట్టు తగ్గుతుంది, రెక్కకూ అంతే. మూడు నష్టాలూ ఒకేసారి. డిసెంబరులో హాయిగా లేచిన విమానం మేలో అదే రన్‌వే చివర దాకా పరుగెడుతుంది. ఇద్దరు బరువైన మనుషులు, నిండు ట్యాంకు, మధ్యాహ్నం రెండు గంటలు అంటే 110 హార్స్‌పవర్ సెస్నా 152కి కష్టకాలం.

మూడోది, దాన్ని చూసే ఇంజనీరు, విడిభాగాలు ఎంత దూరంలో ఉన్నాయి? కొత్త సాంకేతికత మంచిదే. ఒక్క సెన్సర్ కోసం విమానం నెల రోజులు హ్యాంగర్‌లో కూర్చుంటే ఆ మంచి ఎవరికి?

నాలుగోది సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు. లాగ్‌బుక్‌లో గంటలు తక్కువ ఉంటే మురిసిపోకండి. ఇరవై ఏళ్లలో 300 గంటలే ఎగిరిన ఇంజను, ఐదేళ్లలో 1,500 గంటలు ఎగిరిన ఇంజను పక్కపక్కన పెడితే, నేను సాధారణంగా రెండోదాని వైపే మొగ్గుతాను. ఎందుకో చెబుతాను. లైకమింగ్ ఇంజన్లలో ఎక్కువవాటికి క్యామ్ షాఫ్ట్ క్రాంక్ షాఫ్ట్‌కు పైన ఉంటుంది. ఇంజను ఆపగానే దాని మీది ఆయిల్ మెల్లగా కిందికి జారిపోతుంది. వారాల తరబడి కదలకపోతే తేమ పట్టి ఆ నున్నటి ఉక్కు మీద తుప్పు చుక్కలు లేస్తాయి. మన కోస్తాలో అయితే మరీ త్వరగా. మళ్లీ స్టార్ట్ చేసిన రోజున ఆ చుక్కలు ఆకురాయిలా పనిచేస్తాయి.

"వారానికోసారి పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచుతున్నాం సార్" అంటారు. అది మేలు కాదు, కీడు. పెట్రోలు మండితే నీరూ పుడుతుంది. ఆయిల్ బాగా వేడెక్కితేనే ఆ తేమ ఆవిరై పోతుంది. నేల మీద పది నిమిషాల్లో అంత వేడి రాదు. నీళ్లు లోపల చేర్చి వదిలేసినట్టే. ఎగరగలిగితే గంటసేపు ఎగరండి. లేదంటే తయారీదారు చెప్పిన పద్ధతిలో ప్రిజర్వేటివ్ ఆయిల్ పోసి భద్రపరచండి. మధ్యే మార్గం లేదు.

సంరక్షణలో మొదటి మాట ఆయిల్. ఫిల్టర్ ఉన్న ఇంజనుకు 50 గంటలకు, జల్లెడ మాత్రమే ఉన్నదానికి 25 గంటలకు మార్చాలని లైకమింగ్ చెబుతుంది. గంటలు నిండకపోయినా నాలుగు నెలలు దాటకూడదు. పాత ఫిల్టర్‌ను పారేయం. కోసి, లోపలి కాగితాన్ని మడతలు విప్పి, వెలుతురులో పరిచి చూస్తాం. మెరిసే రేణువులు కనిపిస్తే అయస్కాంతం దగ్గర పెడతాం. అంటుకుంటే ఉక్కు, అంటుకోకపోతే అల్యూమినియమో మరొకటో. ఆయిల్ నమూనాను ప్రయోగశాలకు పంపితే ఇంకా సన్నటి సంగతులు తెలుస్తాయి. సిలికాన్ పెరిగితే దుమ్ము పోతోందని, అంటే ఎయిర్ ఫిల్టర్ ఎక్కడో కారుతోందని అర్థం. ఇది రక్త పరీక్ష లాంటిది. ఒక్క రిపోర్టుతో ఏమీ చెప్పలేం, వరసగా పది రిపోర్టులు ఉంటే రోగం ముందే తెలుస్తుంది.

రెండోది కంప్రెషన్ పరీక్ష. మన షెడ్లలో "బండి బోరుకొచ్చిందా?" అని అడుగుతారే, అదే ప్రశ్నకు ఇది కొలతతో జవాబు. సిలిండర్‌లోకి 80 పౌండ్ల పీడనంతో గాలి పంపి ఎంత నిలిచిందో చూస్తాం. 75 నిలిస్తే 75/80 అని రాస్తాం. తగ్గితే చెవి పెడతాం. సైలెన్సర్ గొట్టంలో బుసబుస వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి పీల్చే దారిలో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ పోసే మూతలో వినిపిస్తే పిస్టన్ రింగులు. ఇప్పుడు బోరోస్కోపు కూడా ఉంది. ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోంచి సన్నటి కెమెరా పంపి వాల్వు ముఖం చూస్తాం. రంగు వలయాలు సమంగా ఉంటే ఆరోగ్యం. ఒక అంచు మాత్రమే వేరే రంగులో కనిపిస్తే అక్కడ వాల్వు సరిగా కూర్చోక కాలుతోందని అర్థం.

మూడోది ఎవరూ పట్టించుకోనిది, సిలిండర్ల చుట్టూ ఉండే రేకులూ వాటి అంచు రబ్బర్లూ. గాలి ఇంజను పక్కనుంచి జారిపోకుండా ఫిన్స్ మధ్యనుంచి దూరేలా చేసేవి ఇవే. ఆ రబ్బరు మడత పడితే ఒక సిలిండర్ ఉడికిపోతుంది. తక్కువ ఖర్చుతో సరిచేసుకోగలిగినదాన్ని వదిలేసి సిలిండర్లు మార్చుకున్న వాళ్లను చూశాను.

నాలుగోది పైలట్ చేతిలోనిది. ట్యాంకు అడుగునుంచి ఇంధనం పట్టి నీళ్లున్నాయేమో, రంగు నీలమేనా అని చూడటం. ఏవ్‌గ్యాస్ బదులు పొరపాటున జెట్ ఇంధనం పోస్తే, ఇంజను కొంతసేపు నడిచి, పూర్తి శక్తి కావలసిన టేకాఫ్‌లో దెబ్బతింటుంది. ఇంకొకటి కార్బురేటర్‌లో మంచు. "మన ఎండలకు మంచేమిటి?" అంటారు. గాలి సన్నటి గొంతులోంచి దూసుకెళ్తూ, పెట్రోలు ఆవిరవుతూ ఉంటే అక్కడ వేడి 20 డిగ్రీలకు పైగా పడిపోగలదు. 21 డిగ్రీల లోపు వేడి, 80 శాతం పైన తేమ ఉన్న ఉదయం, అంటే మన డిసెంబరు ఉదయం, దానికి మంచి ముహూర్తం. అందుకే కార్బురేటర్ హీట్ మీట పెట్టారు. అది ఎప్పుడు లాగాలో మొదటి వారంలోనే నేర్పుతారు.

ఓవర్‌హాల్ గురించి ఒక మాట. దాన్ని ఎన్ని గంటలకు చేయాలో తయారీదారు చెబుతాడు. ఓ-320కి సాధారణంగా 2,000 గంటలు, సెస్నా 152 ఇంజనుకు 2,400, లేదా 12 ఏళ్లు. ఆ అంకె చేరేదాకా ఇంజనుకు ఏమీ కాదనీ, దాటగానే ఆగిపోతుందనీ రెండు మూఢనమ్మకాలు ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో వాడింగ్టన్ అనే జీవశాస్త్రవేత్త బ్రిటిష్ వైమానిక దళపు లిబరేటర్ విమానాల లెక్కలు తీశాడు. 50 గంటల తనిఖీ అయిన వెంటనే మరమ్మతులు పెరిగి, తరువాత తగ్గుతూ వస్తున్నాయని తేలింది. అనవసరంగా విప్పి బిగించడమే కొన్ని జబ్బులకు మూలమన్నమాట. 1978లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన నౌలన్, హీప్ అనే ఇద్దరు రాసిన నివేదిక, చాలా భాగాలకు వయసుతోపాటు ప్రమాదం పెరగదని చూపించింది. దీనర్థం తనిఖీలు మానేయమని కాదు. శిక్షణ విమానాలకు ఆమోదించిన ప్రణాళికలో ఏది ఉంటే అది తు.చ. తప్పకుండా చేయాల్సిందే. కానీ విప్పేముందు చూడాలి, వినాలి, కొలవాలి. విప్పాక బిగించిన ప్రతి నట్టునూ ఇంకొకరి కళ్లతో చూపించాలి.

ఇప్పుడు నాకు జరిగిన ఒక సంగతి. ఒక శిక్షణ సంస్థలో పనిచేసే రోజుల్లో, రెండు సీట్ల విమానం 50 గంటల తనిఖీకి వచ్చింది. ఫిల్టర్ కోశాను. అయస్కాంతానికి గోరు కొసంత రేకులు నాలుగైదు అంటుకున్నాయి. ఇంజను శబ్దం బాగుంది, కంప్రెషన్ బాగుంది, ఆయిల్ పీడనం బాగుంది. విమానాన్ని ఆపేశాను. మేనేజరు గారు వచ్చారు. "సార్, అన్నీ బాగున్నాయంటున్నారు. ఒక కుర్రాడికి పది గంటలు మిగిలాయి, పరీక్ష తేదీ దగ్గరకొచ్చింది. ఈ పది గంటలు కానిచ్చి తరువాత చూద్దాం" అన్నారు. సాయంత్రం ఆ కుర్రాడి తండ్రి ఫోను. పొలం అమ్మి ఫీజు కట్టిన మనిషి. "అయ్యా, మావాడి సంవత్సరం పోతుందట" అన్నాడు. ఆయనకేం చెప్పాలి? "మీవాడు కూర్చోబోయేది ఆ ఇంజను వెనకాలే నండీ" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత "సరే, మీ ఇష్టం" అని పెట్టేశాడు.

ఇంజను విప్పించారు. క్యామ్ షాఫ్ట్ మీద ఒక లోబు అరిగిపోయి ఉంది, దాని కింది ట్యాపెట్ ముఖం పెచ్చులూడి గుంటలు పడింది. పాత లాగ్‌బుక్ తిరగేస్తే, మా దగ్గరకు రాకముందు ఆ విమానం సముద్రం ఒడ్డున ఒక వానాకాలమంతా కదలకుండా నిలబడి ఉందని తేలింది. కుర్రాడు ఆ ట్యాపెట్‌ను అరచేతిలో పెట్టుకొని వేలితో తడిమి చూశాడు. "సార్, ఆ పది గంటల్లో ఇది ఆగిపోయేదా?" అని అడిగాడు. "చెప్పలేను బాబూ. చెప్పలేను కాబట్టే సంతకం పెట్టలేదు" అన్నాను. అతను మూడు వారాలు ఆలస్యంగా వేరే విమానంలో తన గంటలు పూర్తిచేశాడు.

నా ఉద్యోగమంతా ఆ జవాబులో ఉంది. విమానం తనిఖీ అయ్యాక, ఇది ఎగరడానికి తగినదని ఇంజనీరు సంతకం పెడతాడు. ఆ సంతకం మేనేజరు పెట్టలేడు, యజమాని పెట్టలేడు. డీజీసీఏ లైసెన్సు ఇచ్చేది ఆ సంతకానికే. పిస్టన్ విమానాలకు దాన్ని బీ1.2 అంటారు. మన బడి పిల్లల్లో చేతులతో పనిచేయడం ఇష్టమైనవాళ్లు, లెక్కలూ భౌతికశాస్త్రమూ వచ్చినవాళ్లు ఇంటర్ తరువాత ఈ దారి చూడవచ్చు. ఎండలో పని, నూనె చేతులు, రాత్రిళ్లు పరీక్షల చదువు తప్పవు. గురువులు ఇక్కడే ఉన్నారు కాబట్టి చెబుతున్నాను: ప్రయోగశాలలో వచ్చిన రీడింగే రాయాలి, రావలసిన రీడింగు రాయకూడదని మీరు పట్టుబట్టిన పాఠమే నాకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చింది.

చివరగా, పిల్లలను పైలట్ శిక్షణకు పంపే తల్లిదండ్రులకు. ఫీజు ఎంత, విమానాలు ఎన్ని అని మాత్రమే అడగకండి. ఈ నెలలో వాటిలో ఎన్ని ఎగురుతున్నాయి, ఇంజనీర్లు ఎందరు, కోసిన ఫిల్టర్లు దాచి ఉంచుతారా అని అడగండి. హ్యాంగర్ చూపించమనండి. నేల శుభ్రంగా ఉందా, పనిముట్లు లెక్కగా వాటి చోట ఉన్నాయా చూడండి. ఇటీవల ఏదైనా విమానాన్ని ఇంజనీరు ఆపేసిన సందర్భం ఉందా అని అడగండి. "మా దగ్గర అలాంటిదేమీ జరగదండీ" అంటే కాస్త ఆలోచించండి. "ఆ, పోయిన నెల ఒకటి ఆపాం" అని చెప్పి ఎందుకు ఆపారో వివరించే చోట మీ పిల్లలను నిశ్చింతగా చేర్చండి.

 సందేహాలుంటే టీ దగ్గర అడగండి, నేను చివరిదాకా ఇక్కడే ఉంటాను. సెలవు.